ఒకే ఎత్తు, ఒకే పోటు, అయినా పిట్టలు ఒక పక్కనే మేశాయి: బురద మైదానం మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక నదీముఖం దగ్గర, ఒకప్పుడు కరకట్ట వేసి సాగులోకి తెచ్చుకున్న భూమిది. సాగు గిట్టక వదిలేశాక, కట్టకు గండి కొట్టి పోటు నీళ్లను మళ్లీ లోపలికి రానిచ్చారు. వలస వచ్చే ఉల్లంకి పిట్టలకు మేత దొరికే బురద మైదానం తయారు చేయాలన్నది ఉద్దేశం. నీళ్లు వచ్చాయి, ఒండ్రు పేరింది, పిట్టలూ వచ్చాయి. అయితే అవి గండికి దగ్గరున్న సగంలోనే మేసేవి. లోపలి సగం మీదుగా ఎగిరి వెళ్లేవే తప్ప దిగేవి కావు. దిగినా కాసేపు అటూ ఇటూ నడిచి, ముక్కు రెండు మూడుసార్లు గుచ్చి లేచిపోయేవి. తేడా ఎక్కడుందో చూడమని మట్టి పరీక్షలు చేసే మమ్మల్ని పిలిచారు.

డిజైన్ చేసినవాళ్ల లెక్క సులువుగానే అర్థమవుతుంది. పోటుకు మునిగి పాటుకు తేలే నేలలో ఏ జీవి ఎక్కడ ఉంటుందన్నది ముఖ్యంగా ఎత్తును బట్టి ఉంటుంది. ఎత్తును బట్టే రోజుకు ఎన్ని గంటలు మునుగుతుందో, ఎన్ని గంటలు తేలుతుందో తెలుస్తుంది. రెండు సగాల ఎత్తూ దాదాపు ఒకటే. వచ్చే నీళ్లూ ఒకటే, ఉప్పదనమూ ఒకటే. అందుకే మ్యాపులో రెంటికీ ఒకే రంగు వేశారు. ఆ మ్యాపు తప్పు కాదు. అందులో మట్టి లేదు, అంతే.

ఈ సంగతిని ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి నేలలు మనకు ఎక్కువేమీ మిగిలి లేవు. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన ఉపగ్రహ చిత్రాల అధ్యయనం ప్రపంచం మొత్తం మీద కనీసం 1,27,921 చదరపు కిలోమీటర్ల పోటుపాటు మైదానాలున్నాయని తేల్చింది. తగినంత సమాచారం ఉన్న చోట్ల చూస్తే 1984, 2016 మధ్య సుమారు 16 శాతం పోయాయి. దక్షిణ కొరియాలో సేమన్‌గమ్ దగ్గర 33 కిలోమీటర్ల పొడవైన సముద్రపు గోడను 2006లో మూసేశాక, అక్కడ ఆగి మేసే గ్రేట్ నాట్ పిట్టల సంఖ్య కుప్పకూలింది. పక్కనున్న మైదానాలు వాటిని ఇముడ్చుకోలేకపోయాయి. ఒక చోట పోయిన మేతను ఇంకో చోట తయారు చేస్తామని మాట ఇచ్చేటప్పుడు, ఆ చోటు కింద ఏ మట్టి ఉందో తెలియకుండా ఇవ్వకూడదు.

నడక, కోర్ గొట్టం

పరికరాలు బయటికి తీయకముందు పాటు వేళ రెండు సగాల్లోనూ నడిచాం. గండి పక్కన అడుగు మడమ దాకా దిగి ఆగుతుంది. ఉపరితలం మీద అలలు గీసిన సన్నని చాళ్లు, వాటి మధ్య పురుగులు బయటికి నెట్టిన మట్టి చుట్టలు, పీతల బొరియలు, బొరియల చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలు. లోపలి పక్కన కాలు పిక్క దాకా పోతుంది. బయటికి లాగితే నల్లటి బురద, కుళ్లిన గుడ్ల వాసన వస్తాయి. పైన పలచగా నీళ్లు నిలిచే ఉంటాయి. మోకాలి లోతుకు వెళ్లేసరికి కాలు టక్కున గట్టి నేలకు తగులుతుంది. అది పొలం నాటి నేల. ఆ తాకిడి దగ్గరే నాకు అనుమానం మొదలైంది.

తర్వాత పారదర్శకమైన కోర్ గొట్టాలు దించి మట్టిని నిలువుగా తీశాం. గండి పక్క గొట్టంలో పైనుంచి జానెడు దాకా గోధుమ రంగు, ఆ కింద బూడిద రంగు. ఆ బూడిద రంగులోకి కూడా అక్కడక్కడా గోధుమ రంగు గీతలు దిగి ఉన్నాయి. అవి పాత, కొత్త బొరియల గోడలు. లోపలి పక్క గొట్టంలో గోధుమ రంగు గోరు మందం కూడా లేదు. దాని కింద నుంచి పొలం నేల దాకా అంతా నలుపే.

ఈ రంగులు ఎవరైనా చదవగలిగే లెక్క. బురదలో ఆక్సిజన్ పైపొరలోనే ఖర్చయిపోతుంది. ఆ కిందున్న బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుని బతుకుతాయి. లీటరు సముద్రపు నీటిలో సల్ఫేట్ 2.7 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి వాటికి కరువు లేదు. అవి వదిలే సల్ఫైడ్ మట్టిలోని ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. ఇనుము చాలనప్పుడు మిగిలిన సల్ఫైడే ఆ కుళ్లు వాసన. చాలా జీవులకు అది విషం. కాబట్టి గోధుమ రంగు పొర ఎంత లోతుంటే జీవులకు ఊపిరాడే చోటు అంత లోతు ఉన్నట్టు. మట్టిలో ఆక్సిజన్ కొరత ఎంతుందో చూపించే రెడాక్స్ ప్రోబ్ దించి చూస్తే అంకెలు కూడా అదే చెప్పాయి.

రేణువుల సైజు చూస్తే ఊహించినట్టే ఉంది. 63 మైక్రాన్లకు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పైబడితే ఇసుక, అంతకు తక్కువైతే ఒండ్రు, బంకమట్టి. గండి దగ్గర నీళ్లు వేగంగా వస్తాయి కాబట్టి సన్న ఇసుక అక్కడే పడిపోతుంది. లోపలి మూలలో నీళ్లు నిదానిస్తాయి, తేలుతూ వచ్చిన మెత్తటి మట్టంతా అక్కడ దిగుతుంది.

ఇక్కడే చాలామంది కేసు మూసేస్తారు. ఇసుక ఉన్న పక్కన పిట్టలున్నాయి, బురద ఉన్న పక్కన లేవు, కాబట్టి తప్పంతా బురదదే అంటారు. ఈ మాట ఒప్పుకోవడానికి లేదు. కెనడాలో బే ఆఫ్ ఫండీ బురద నేలల్లో కోరోఫియం అనే చిన్న రొయ్యలాంటి జీవి కిక్కిరిసి ఉంటుంది. దాన్ని మేసి సెమీపామేటెడ్ శాండ్‌పైపర్ పిట్టలు కొద్ది వారాల్లో దాదాపు రెట్టింపు బరువు పెరిగి, అట్లాంటిక్ మీదుగా దక్షిణ అమెరికాకు ఎగిరిపోతాయి. అది మెత్తటి బురదే. బురద అయినంత మాత్రాన నేల గొడ్డుబోదు. మరి ఈ బురదకేమైంది?

పాటు వేళ నీళ్లు ఎటు పోతున్నాయి

నా దృష్టిలో ఈ కేసు మొత్తానికి ఇదే అసలు ప్రశ్న. పోటు తగ్గాక నేల పైన నీళ్లు ఎంతసేపు ఉన్నాయన్నది అందరూ కొలుస్తారు. రేణువుల మధ్య సందుల్లో ఉన్న నీళ్లు ఏమవుతున్నాయో కొలిచేవాళ్లు తక్కువ.

సన్నటి గొట్టాలకు గాట్లు పెట్టి రెండు పక్కలా పాతాం. వాటిలో నీటిమట్టాన్ని పోటు నుంచి పాటు దాకా, మళ్లీ పోటు దాకా రికార్డ్ చేశాం. గండి పక్కన పాటు మొదలైన కొంతసేపటికి మట్టం నేల ఉపరితలం కిందికి దిగడం మొదలై, తిరిగి పోటు వచ్చేదాకా నెమ్మదిగా దిగుతూనే ఉంది. లోపలి పక్కన ఆ మట్టం దిగనే లేదు. పైన నీళ్లు పలచబడ్డాయే కానీ లోపలి నీళ్లు కదల్లేదు. కింద పొలం నాటి గట్టి పొర, పక్కన కాలువలు లేవు. పోవడానికి దారే లేదు.

ఆ గట్టి పొర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కరకట్ట వేసి నీళ్లు తోడేసి సాగు చేస్తే మట్టి ఎండుతుంది, లోపలి సేంద్రియ పదార్థం గాలి తగిలి కరిగిపోతుంది, నేల కుంగుతుంది. దాని మీద యంత్రాలు తిరిగి ఇంకా బిగుస్తుంది. అలా ఒకసారి బిగిసిన మట్టి తర్వాత ఎన్నేళ్లు నీళ్లలో నానినా మొదటి గుల్లదనానికి రాదు. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ తీరంలో 1995లో గండి కొట్టిన ఆర్‌ప్లాండ్స్ దగ్గర కూడా పాత సాగు పొర కిందికి నీళ్లు దిగకుండా అడ్డుపడటం పరిశోధకులు గమనించారు. గండి కొట్టకముందే ఆ పొరను చీల్చడం తేలిక. సముద్రం లోపలికి వచ్చాక చాలా కష్టం.

నీటిమట్టం దిగితే ఏమవుతుంది? రేణువుల మధ్య మిగిలిన తడికి తలతన్యత ఉంటుంది కాబట్టి అది రేణువులను దగ్గరికి లాగి పట్టుకుంటుంది. మట్టి పనివాళ్లు దీన్ని సక్షన్ అంటారు, టెన్సియోమీటర్‌తో కొలుస్తారు. పిల్లలు కట్టే పిచ్చుక గూడు పొడి ఇసుకతో నిలవదు, నీళ్లలో మునిగిన ఇసుకతోనూ నిలవదు, తడి ఇసుకతోనే నిలుస్తుంది. పీత బొరియకు కూడా సరిగ్గా ఆ తడే కావాలి. సక్షన్ మరీ తక్కువైతే తవ్విన కొద్దీ గోడ జారిపోతుంది. మరీ ఎక్కువైతే నేల బిగిసి కాళ్లకు లొంగదు. జపాన్‌లో పోర్ట్ అండ్ ఎయిర్‌పోర్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇసుక పీతల మీద చేసిన పనిలో ఈ రెండు హద్దుల మధ్యే అవి బొరియలు తవ్వుతాయని చూపించారు. ఓడరేవులు కట్టే ఇంజినీర్ల శాస్త్రం పీత ఇంటి కొలతలు చెప్పడం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

పీత తిండి కూడా నీటి మీదే ఆధారపడి ఉంటుంది. అది డెక్కతో చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకుంటుంది. మొప్పల గదిలో దాచుకున్న నీళ్లతో అక్కడే కడుగుతుంది. డయాటమ్‌లు అనే తేలికైన, కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు, సేంద్రియ తునకలు పైకి తేలుతాయి, వాటిని మింగి ఇసుకను ఉండగా చేసి పక్కన పెడుతుంది. ఫిడ్లర్ పీతల నోటి భాగాల మీద చెంచా ఆకారపు కొనలున్న వెంట్రుకలుంటాయి. ఇసుక నేలల్లో బతికే జాతులకు ఇవి ఎక్కువ, బురద నేలల్లో బతికే జాతులకు తక్కువ. కడిగే నీళ్లు అయిపోతే పీత బొరియ అడుగుకు వెళ్లి మళ్లీ నింపుకుంటుంది. అంటే బొరియ నీటిమట్టం దాకా దిగాలి, దాని గోడ నిలవాలి, పైన మేసే పొర మాత్రం నీళ్లలో మునిగి ఉండకూడదు. లోపలి సగంలో ఈ మూడింటిలో ఒక్కటే ఉంది.

జల్లెడలో మిగిలినవి

రెండు పక్కల మట్టినీ అర మిల్లీమీటరు జల్లెడలో కడిగాం. గండి పక్క జల్లెడ చూడటానికే ఉత్సాహంగా ఉంది. పాలీకీట్‌లు అనే పొడుగు, పొట్టి సముద్రపు పురుగులు, వేర్వేరు వయసుల గుల్లలు, చిన్న పీతలు. లోపలి పక్కన వెంట్రుక మందం ఎర్రటి పురుగులు దండిగా ఉన్నాయి, వేరే ఏవీ దాదాపు లేవు. లెక్క పెడితే లోపలి పక్కనే ప్రాణులు ఎక్కువ, తూకం వేస్తే మాత్రం చాలా తక్కువ.

ఇది కొత్త సంగతి కాదు. సేంద్రియం ఎక్కువై ఊపిరాడని బురదలోకి మొదట వచ్చేవి, చివరి దాకా మిగిలేవి ఇలాంటి చిన్న పురుగులే. పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే పరిశోధకులు 1978లో ఈ క్రమాన్ని వివరంగా రాశారు. సర్వే రిపోర్టుల్లో ‘చదరపు మీటరుకు ఇన్ని జీవులు’ అన్న అంకె ఒక్కటే చూసి సంతోషపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, బరువు కూడా చూడండి. సుమారు 18 సెంటీమీటర్ల ముక్కున్న ఫార్ ఈస్టర్న్ కర్ల్యూ వెంట్రుక మందం పురుగు కోసం అంత దూరం ఎగిరి రాదు.

మరి చిన్న ముక్కు పిట్టలైనా అక్కడ ఎందుకు దిగలేదు? దీనికి జవాబు పిట్టలను, నేలను ఒకేసారి చూస్తే దొరికింది. ఎత్తు లెక్క ప్రకారం రెండు సగాలూ ఒకేసారి తేలాలి. లోపలి సగం మీద మాత్రం పాటు వేళ కూడా నీటి పొర నిలిచే ఉండేది. ఉపరితలం పూర్తిగా బయటపడేసరికి మళ్లీ పోటు తిరిగేది. వలస పిట్టకు ఆ కొద్ది గంటలే భోజనం వేళ. అందులో సగం నీటి కింద పోతే అది ఇంకో చోటు వెతుక్కుంటుంది. డిజైన్ కాగితం ఇచ్చిన గంటలూ, నేల ఇచ్చిన గంటలూ ఒకటి కావు.

గండి పక్కన కూడా నేలంతా ఒకటి కాదు

పిట్టలున్న సగంలో కూడా అవి నేలంతా సమంగా పరుచుకుని మేయడం లేదు. దీన్ని గమనించడానికే నేను ఎక్కువ సమయం పెట్టాను. అక్కడ ఎత్తుగా ఉన్న ఇసుక మీద చిత్తవ పిట్టలు, అంటే ప్లోవర్లు, పరుగెత్తి ఆగి, పరుగెత్తి ఆగి, కంటికి కనిపించిన దాన్ని పొడుచుకు తింటున్నాయి. కిందికి, నీటి అంచు వైపు, ఇంకా తడి కారుతున్న సన్నటి పట్టీలో నాట్ పిట్టలు గుంపుగా ముక్కులు దించి నడుస్తున్నాయి. పాటు దిగే కొద్దీ ఆ పట్టీ కిందికి జరిగేది, గుంపు దానితోనే జరిగేది. వెనక వదిలేసిన ఇసుకలో గుల్లలు లేవా అని జల్లెడ పట్టాం. ఉన్నాయి, అంతే సంఖ్యలో ఉన్నాయి. పిట్ట వాటిని వదిలేసి తడి వెంట పోతోంది.

దీనికి కారణం నెదర్లాండ్స్‌లో థియునిస్ పియర్స్మా బృందం 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఉంది. రెడ్ నాట్ ముక్కు కొనలో చిన్న చిన్న గుంటలు, వాటిలో హెర్బ్‌స్ట్ కార్పసల్స్ అనే ఒత్తిడిని పసిగట్టే నరాల కొనలు ఉంటాయి. పిట్ట తడి ఇసుకలో ముక్కు గుచ్చినప్పుడు రేణువుల మధ్య నీళ్లు పక్కకు నెట్టుకుపోతాయి. దారిలో గుల్ల లాంటి గట్టి వస్తువుంటే ఆ నీళ్ల కదలికకు అడ్డు తగులుతుంది, ఒత్తిడి తేడా ముక్కుకు తెలిసిపోతుంది. అంటే గుల్లను తాకకుండానే దాని జాడ దొరుకుతుంది. దొరికిన గుల్లను నాట్ మొత్తంగా మింగి కడుపులోనే నలుపుకుంటుంది. సందుల్లో నీళ్లు లేకపోతే ఈ విద్య పనిచేయదు. అదే ఇసుక, అవే గుల్లలు, నీళ్లు దిగిపోయిన క్షణం నుంచి నాట్‌కు అది ఖాళీ నేల.

చూడండి, పీతకు నీటిమట్టం దిగాలి, నాట్‌కు నీళ్లు సందుల్లో నిలవాలి. ఒకే మైదానంలో ఈ రెండూ కావాలంటే నేల ఒక పక్కకు మెల్లగా వాలుతూ, నీళ్లు నెమ్మదిగా దిగుతూ ఉండాలి. గండి పక్కన అనుకోకుండా సరిగ్గా అదే ఏర్పడింది.

ఇసుక తెచ్చి పోద్దామన్న ప్రతిపాదన

మేం ఇంత చెప్పాక మొదట వచ్చిన ఆలోచన లోపలి సగం మీద ఇసుక పోయడం. నేను గట్టిగా వద్దన్నాను. మెత్తటి బురద మీద పోసిన ఇసుక నిలవదు, బరువుకు కిందికి దిగి బురద పైకి పొంగుతుంది. నిలిచిన చోట కింద ఉన్నవాటికి ఉన్న కాస్త ఊపిరి కూడా ఆగిపోతుంది. పైగా నీళ్లు నిదానించే మూలలో ఏడాది తిరిగేసరికి మళ్లీ ఒండ్రే పేరుతుంది. ఇసుక ఎక్కడ ఉండాలో నీటి వేగం తేలుస్తుంది, లారీలు కాదు.

ఇంకో మాట కూడా అన్నాను. నేల కింద కుళ్లు అలాగే ఉంటే పైన ఎంత మంచి ఇసుక కనిపించినా జీవులు మోసపోవు. అమెరికాలో డెలావేర్ బే తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే గుర్రపు నాడా పీతలు, పాత చిత్తడి మట్టి పైకి తేలి సల్ఫైడ్ వాసన వచ్చే తీరాలను తప్పించుకుని వేరే చోటికి పోతాయని అక్కడి పరిశోధనలు చెప్పాయి. అలాంటి మట్టిలో వాటి గుడ్లు ఎదగవు.

చేసిన పని

లోపలి నీళ్లకు దారి ఇవ్వాలి, అంతకు మించి ఏమీ చేయకూడదు అని నిర్ణయించుకున్నాం. పాత సర్వే మ్యాపుల్లో కరకట్టకు ముందున్న ఉప్పుటేర్ల జాడలు ఇంకా కనిపిస్తున్నాయి. వాటి దారినే, మెలికలు అలాగే ఉంచి, లోతు తక్కువ కాలువలు తవ్వించాం. ఒకే ఒక్క షరతు, ప్రతి కాలువ అడుగు పొలం నాటి గట్టి పొరను దాటాలి. నిటారుగా తవ్వితే బురద గోడలు కూలిపోతాయి కాబట్టి ఒడ్లు బాగా వాలుగా పెట్టించాం. పెద్ద ప్రొక్లెయిన్‌ను మైదానంలోకి రానివ్వలేదు. వెడల్పు పట్టీలున్న తేలికపాటి యంత్రం, అదీ చాపల మీద, పాటు గంటల్లోనే తిరిగింది. నేల బిగిసిపోవడం వల్ల వచ్చిన జబ్బుకు మందు వేస్తూ ఆ నేలనే మళ్లీ తొక్కి బిగించకూడదు కదా.

అందరికంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది తవ్విన నల్ల మట్టిని ఏం చేయాలన్నది. గట్టు మీద పోసి ఎత్తు చేద్దామన్నారు. ఇది ప్రమాదం. నీటి కింద ఉన్నంతవరకు సల్ఫైడ్ నిద్రపోతూ ఉంటుంది. గట్టు మీద ఎండి గాలి తగిలితే అదే సల్ఫ్యూరిక్ ఆసిడ్ అవుతుంది. వానకు ఆ ఆసిడ్, దాంతో పాటు మట్టిలోంచి కరిగిన అల్యూమినియం కాలువలోకి దిగితే చేపల మొప్పలు దెబ్బతింటాయి. దీన్ని అక్కడికక్కడే తేల్చే పరీక్ష ఉంది. కొద్దిగా మట్టి తీసుకుని, చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తారు. పొంగి వేడెక్కి, ఆ తర్వాత పీహెచ్ బాగా పడిపోతే ఆ మట్టిని ఎండనివ్వకూడదు. మా నమూనాలు బుసబుస పొంగాయి, పీహెచ్ కాగితం రంగు మారింది. వాదన అక్కడితో ఆగింది. మట్టిని పాటు మట్టానికి దిగువన, ఎప్పుడూ తడిగా ఉండే పాత గుంటల్లో పరిచాం. ఒకేసారి ఎక్కువ కదిలిస్తే నల్ల మట్టి నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది కాబట్టి కొద్ది కొద్దిగా, విడతలుగా చేశాం.

తర్వాత మారినవి, మారనివి

మొదట మారింది కాలువల ఒడ్లు. ఒడ్డు నుంచి కొద్ది అడుగుల దూరం దాకా పాటు వేళ నీటిమట్టం దిగడం మొదలైంది, నేల కాలికి గట్టిగా తగలసాగింది. ఆ పట్టీలోనే ముందు పీత బొరియలు కనిపించాయి. బొరియ ఒకటి తెరిచి చూస్తే చుట్టూ నల్ల మట్టిలో వేలి మందాన గోధుమ రంగు అంచు. ఆక్సిజన్ ఉన్న నీళ్లు బొరియలోంచి గోడలోకి దిగిన గుర్తు అది. పీత ఒక్కటి వస్తే తన చుట్టూ ఉన్న మట్టిని అది మార్చేస్తుంది, ఆ మార్పు ఇంకొన్నిటికి చోటిస్తుంది.

జీవులు మట్టిని ఎంత మారుస్తాయో చెప్పడానికి జర్మనీ తీరంలో వాడెన్ సీ అనే లోతు తక్కువ సముద్రంలోని సిల్ట్ (Sylt) దీవి దగ్గర చేసిన ప్రయోగం మంచి ఉదాహరణ. అక్కడ ఇసుక కింద వల పరిచి లగ్‌వార్మ్‌లను కొన్ని గడుల్లోకి రానివ్వలేదు. ఈ పురుగులు 20 నుంచి 40 సెంటీమీటర్ల లోతున ఉండి నీళ్లను ఇసుకలోకి పంపు చేస్తాయి, ఇసుకను తిరగేస్తాయి. అవి లేని గడుల్లో ఇసుక సందులు మెత్తటి మట్టితో పూడుకుపోయి నీళ్లు పారడం తగ్గింది. మట్టి జీవులను ఎంచుకుంటుందన్నది సగం కథ. మిగతా సగం జీవులు మట్టిని తమకు కావలసినట్టు తయారు చేసుకోవడం. లోపలి సగంలో మొదటి సగం పని మనం చేయాలి, తర్వాతిది వాటికే వదలాలి.

కాలువలకు దూరంగా ఉన్న మధ్య భాగం పెద్దగా మారలేదు. అక్కడ ఇప్పటికీ నలుపే. అయితే నీటి పొర త్వరగా జారుకోవడంతో ఉపరితలం మీద బంగారు గోధుమ రంగు పొర పట్టింది. అవి డయాటమ్‌లు. పాటు వేళ వెలుతురు కోసం పైకి వస్తాయి, పోటుకు ముందు మళ్లీ మట్టిలోకి దిగుతాయి. అవి వదిలే జిగురు బురదను పట్టి ఉంచుతుంది, అలలకు తేలిగ్గా కొట్టుకుపోనివ్వదు. కెనడాలో ఫ్రేజర్ నది ముఖం దగ్గర వెస్టర్న్ శాండ్‌పైపర్‌లు ఈ జిగురు పొరను నాలుకతో గీరి తింటాయని 2008లో తేలింది. మా మైదానంలో చిన్న ఉల్లంకి పిట్టలు ఆ మధ్య భాగంలో ఇప్పుడు దిగుతున్నాయి, తల దించి వేగంగా మేస్తున్నాయి. పొర తింటున్నాయా, పురుగులు తింటున్నాయా అన్నది రెట్టల పరీక్షతో తేల్చాలి. పని మొదలుపెట్టాం.

అందుకే ఆ మధ్య భాగానికి కూడా కాలువలు తవ్వుదామన్నప్పుడు నేను ఒప్పుకోలేదు. మైదానమంతా గండి పక్కలా మారాలని కోరుకోవడం లేదు. మెత్తటి తడి బురద కావలసిన జీవులూ ఉన్నాయి. మడ్‌స్కిప్పర్ అలాంటి బురదలోనే బొరియ చేసి, నోటితో గాలి మోసుకెళ్లి లోపలి గదిలో నింపుకుంటుంది. ఆక్సిజన్ లేని మట్టి మధ్య తన గుడ్లకు గాలి గది కట్టుకునే చేప అది. కాలువ ఒడ్డు, తడి మధ్య భాగం, గండి పక్క వాలు, ఈ మూడూ ఉంటేనే ముక్కు పొడవును బట్టి, తిండిని బట్టి వేర్వేరు పిట్టలకు చోటుంటుంది.

ఇప్పుడు నా దృష్టి నేల ఎత్తు మీద ఉంది. లోపలి మూలలో ఒండ్రు పేరుతూనే ఉంది. ఇంగ్లండ్‌లో హంబర్ నదీముఖం దగ్గర పాల్ హోమ్ స్ట్రేస్‌లో 2003లో గండి కొట్టినప్పుడు బురద మైదానమే కావాలనుకున్నారు. ఒండ్రు వేగంగా పేరడంతో నేల లేచి చాలా భాగం ఉప్పు మొక్కల చిత్తడిగా మారింది. ఆ మొక్కలు కూడా విలువైనవే, కానీ గడ్డి పెరిగిన చోట నాట్ ముక్కు గుచ్చదు. నీళ్లు దిగి నేల గట్టిపడటం పీతకు ఎంత మేలో మొక్క వేరుకు కూడా అంత మేలు. అంటే మేం తవ్విన కాలువలే కొన్నేళ్లకు మొక్కలను పిలవవచ్చు. అందుకని కాలువల ఒడ్ల వెంట ఎత్తు గుర్తులు పాతాం. ప్రతి సీజన్‌లో వలస పిట్టలు రాకముందు నీటిమట్టం గొట్టాలు, ఎత్తు గుర్తులు, కోర్ రంగులు మూడూ కలిపి చూస్తున్నాం. ఒడ్డు పట్టీ మొలకలతో కప్పుకోవడం మొదలైతే, రెండో గండి కొట్టి లోపలికి వేగం పెంచాలన్న ప్రతిపాదనను మళ్లీ చర్చకు పెడతాం. కట్ట ఇంజినీర్లు దానికి ఒప్పుకోవడం లేదు, వాళ్ల భయంలో న్యాయం ఉంది. రెండో గండి కొడితే నేల కోత ఎటు తిరుగుతుందో ముందుగా నమూనా కట్టి చూడాలి. ఆ నమూనాలో ఈసారి మట్టి పొరలు కూడా పెట్టాలని రాసి ఇచ్చాం, ఒప్పుకున్నారు.